పాత స్పీకర్లు, కొత్త హోం థియేటరు: జత కుదురుతుందా?

"కొత్త ఒక వింత, పాత ఒక రోత" అని సామెత. అన్ని వస్తువుల విషయంలోనూ ఈ సామెత నిజమేనా? స్పీకర్ల సంగతి తీసుకుని చూద్దాం.

1970లలోను, 1980లలోను స్టీరియో కొనుక్కున్న ఇళ్ళల్లో రికార్డు ప్లేయరుకు అటొకటీ ఇటొకటీ రెండు పెద్ద చెక్కపెట్టెలు ఉండేవి. అవే స్పీకర్లు. తర్వాత క్యాసెట్లు పోయాయి, సీడీలు వచ్చి వెళ్ళాయి. చెక్కపెట్టెలు అటకెక్కాయి. ఇప్పుడు టీవీ కింద హోం థియేటరు ఉంది. దానికి అరచేతిలో పట్టేటంత చిన్న స్పీకర్లు అయిదున్నాయి. అటక మీది స్పీకర్లను దించి ఈ కొత్త యంత్రానికి కలపవచ్చా?

ఈ మాట నలుగురిని అడిగితే రెండు రకాల జవాబులు వస్తాయి. "అవి పాతకాలానివి, డిజిటల్ యంత్రానికి పనికిరావు" అంటారు కొందరు. "దానికేముంది, రెండు తీగలు తగిలిస్తే సరి" అంటారు మరికొందరు. రెండు జవాబులూ తప్పే! మొదటి మాట నమ్మితే మంచి వస్తువు పాతసామాన్ల వాడి పాలవుతుంది. రెండో మాట నమ్మితే కొత్త యాంప్లిఫైయరు కాలిపోవచ్చు. సరైన జవాబు కోసం ఎక్కడికో పోనక్కరలేదు. మీరు బడిలో చదువుకునే ఓమ్ నియమం దగ్గరే ఉంది.

స్పీకరుకు డిజిటల్ సంగతి తెలియదు

ఇప్పటి స్పీకర్లలో ఎక్కువ భాగం పనిచేసే పద్ధతిని 1925లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజనీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ ప్రకటించారు. ఒక అయస్కాంతం ఉంటుంది. దాని సందులో సన్నని తీగచుట్ట ఒకటి వేలాడుతుంటుంది. ఆ చుట్టను గరాటు ఆకారంలో ఉన్న కాగితపు పొరకు అతికిస్తారు. దీన్నే కోను అంటారు. తీగచుట్టలో విద్యుత్తు ఒక దిశలో పోతే చుట్ట ముందుకు కదులుతుంది. దిశ మారితే వెనక్కు కదులుతుంది. చుట్టతోపాటు కోనూ కదిలి గాలిని నెడుతుంది, లాగుతుంది. గాలిలో పుట్టిన ఆ ఒత్తిళ్ళే మన చెవికి ధ్వనిగా వినిపిస్తాయి.

మరి డిజిటల్ మాటేమిటి? పాట అంకెల రూపంలో డిస్కు మీద ఉన్నా, ఫోనులో ఉన్నా ఆ అంకెలను రిసీవరు లోపలే హెచ్చుతగ్గుల విద్యుత్తుగా మార్చేస్తారు. స్పీకరు తీగల దాకా వచ్చేది పూర్వంలాగే ఏకాంతర విద్యుత్తు. సెకనుకు 440 సార్లు అటూ ఇటూ మారే విద్యుత్తు వస్తే కోను సెకనుకు 440 సార్లు కదులుతుంది. అది రికార్డు మీదినుంచి వచ్చిందా, అంకెల నుంచి వచ్చిందా అని కోను అడగదు. కాబట్టి "డిజిటల్ యంత్రానికి పనికిరావు" అన్న మాట ఇక్కడితో పోయింది.

పెద్ద పెట్టె గొప్ప ఏమిటి?

కోను ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది, వెనకున్న గాలి పలచనవుతుంది. పెట్టె లేకపోతే ముందుగాలి అంచు చుట్టూ తిరిగి వెనక్కు జారిపోతుంది. అప్పుడు బొంగు స్వరాలు, అంటే మృదంగం ఎడమవైపు మోతలాంటివి, వినపడకుండా పోతాయి. ఆ వెనకగాలిని బంధించడానికే పెట్టె.

అమెరికాలో ఎడ్గార్ విల్చర్ అనే ఆయన 1954లో ఇందులో ఒక కొత్త మార్గం చూపించాడు. పెట్టెను గాలి చొరకుండా మూసి, లోపల చిక్కుకున్న గాలినే స్ప్రింగులాగా వాడుకున్నాడు. సైకిలు పంపు మూతిని వేలితో మూసి పిడిని నొక్కి చూడండి, వెనక్కు తంతుంది కదా! ఇదీ అంతే. ఆయన స్థాపించిన అకూస్టిక్ రీసెర్చ్ కంపెనీ 1967లో ఏఆర్-3ఏ అనే స్పీకరును తెచ్చింది. అందులో బొంగు స్వరాలు పలికే వూఫరు వ్యాసం 12 అంగుళాలు. ఆ స్పీకర్లను ఈనాటికీ బాగుచేసుకుని వింటున్నవాళ్ళున్నారు. మన వ్యాసానికి దాన్నే ఉదాహరణగా తీసుకుందాం.

12 అంగుళాల కోనును 3 అంగుళాల కోనుతో పోల్చండి. వ్యాసం 4 రెట్లు. వైశాల్యం వ్యాసపు వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక అది 16 రెట్లు. ఇంకో చిక్కు కూడా ఉంది. పౌనఃపున్యం సగానికి తగ్గినప్పుడు ధ్వని అంతే గట్టిగా వినిపించాలంటే కోను 4 రెట్లు ఎక్కువ గాలిని కదపాలి. 200 హెర్ట్జ్ నుంచి 50 హెర్ట్జ్‌కు దిగితే 16 రెట్లు! చిన్న కోను అంత దూరం కదలలేదు. హోం థియేటరులో ప్రత్యేకంగా ఒక సబ్ వూఫరు పెట్టడానికి కారణమిదే. పెద్ద చెక్కపెట్టె ఈ బరువులో చాలా భాగం తానే మోయగలదు.

ఓముల లెక్క తప్పితే ముప్పు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. స్పీకరు వెనక 4 ఓములనో, 8 ఓములనో, 16 ఓములనో రాసి ఉంటుంది. ఏకాంతర విద్యుత్తుకు స్పీకరు చూపించే అడ్డు అది. దీన్ని ఇంపిడెన్స్ అంటారు, తెలుగులో అవరోధం. రిసీవరు వెనక కూడా "6 నుంచి 16 ఓములు" అన్నట్టుగా ఒక హద్దు రాసి ఉంటుంది. ఈ రెండూ పొసగాలి. ఎందుకో లెక్క కట్టి చూద్దాం.

యాంప్లిఫైయరు ఒకానొక క్షణంలో 20 వోల్టులు ఇస్తోందనుకోండి. స్పీకరు 8 ఓములదైతే ప్రవాహం 20 ÷ 8 = 2.5 ఆంపియర్లు. సామర్థ్యం 20 × 2.5 = 50 వాట్లు. అదే వోల్టేజి దగ్గర 4 ఓముల స్పీకరును తగిలిస్తే ప్రవాహం 5 ఆంపియర్లు, సామర్థ్యం 100 వాట్లు. అంటే ఓములు సగమైతే యాంప్లిఫైయరు మీద బరువు రెట్టింపు. యాంప్లిఫైయరులోని ట్రాన్సిస్టర్లు ఆ ప్రవాహాన్ని మోస్తూ వేడెక్కుతాయి. కొత్త రిసీవర్లలో చాలావాటికి రక్షణ వలయం ఉంటుంది. హద్దు దాటగానే అది యంత్రాన్ని ఆపేస్తుంది. అది లేకపోయినా, ఆలస్యమైనా ట్రాన్సిస్టరు కాలిపోతుంది.

మన ఉదాహరణలోని ఏఆర్-3ఏ అవరోధం 4 ఓములు. కనుక "కనీసం 6 ఓములు" అని రాసిన రిసీవరుకు దాన్ని కలపడం మంచిది కాదు. కనీసం 4 ఓములకు అనుమతి ఉన్న రిసీవరైతే నిర్భయంగా కలపవచ్చు. 16 ఓముల పాత స్పీకరైతే ప్రమాదమేమీ లేదు. కానీ అదే 20 వోల్టుల దగ్గర 25 వాట్లే వస్తాయి. ధ్వని కాస్త తగ్గుతుంది, అంతే.

స్పీకరు వెనక రాత చెరిగిపోయిందా? మల్టీమీటరుతో కొలవండి. ఇక్కడొక మెలిక ఉంది. మీటరు కొలిచేది తీగచుట్ట నిరోధాన్ని మాత్రమే. అది అవరోధం కంటె కొంచెం తక్కువగా ఉంటుంది. మీటరు 6 లేక 7 ఓములు చూపిస్తే అది 8 ఓముల స్పీకరు. 3 లేక 3.5 చూపిస్తే 4 ఓములది. అసలేమీ చూపించకపోతే లోపల తీగ తెగిందన్నమాట.

ఒకే జత మరల దగ్గర పాత స్పీకరునూ కొత్త స్పీకరునూ కలిపి తగిలించాలని కొందరికి ఆశ పుడుతుంది. అది సమాంతర సంధానం. 8, 8 కలిస్తే 4 ఓములు. 4, 4 కలిస్తే 2 ఓములు. రెండోది మాత్రం ఎప్పుడూ చేయవద్దు.

చిన్న యాంప్లిఫైయరు పెద్ద స్పీకరును కాల్చగలదా?

"మా స్పీకరు మీద 100 వాట్లని ఉంది. రిసీవరు 30 వాట్లదే. ఇక భయమేముంది?" అని మీరనుకోవచ్చు. వినడానికి వింతగా ఉన్నా, ఇక్కడా ప్రమాదం ఉంది.

యాంప్లిఫైయరు తన శక్తికి మించి పనిచేయలేదు. మీరు ధ్వని మీట పూర్తిగా తిప్పితే విద్యుత్ తరంగం పైకి లేవవలసినంత లేవలేక, దాని శిఖరం కత్తిరించినట్టు చదునైపోతుంది. ఇలా తల తెగిన తరంగంలో, మొదట లేని కొత్త స్వరాలు పుడతాయి. 1000 హెర్ట్జ్ తరంగం తల రెండువైపులా సమంగా తెగితే 3000, 5000, 7000 హెర్ట్జ్ స్వరాలు వచ్చి చేరతాయి. కీచు స్వరాలన్నీ ట్వీటరు అనే చిన్న కోనుకు పోతాయి. దాని తీగచుట్ట చాలా సన్నం, కొద్ది వాట్ల కంటె భరించలేదు. వేడెక్కి తెగిపోతుంది.

కాబట్టి గుర్తు పెట్టుకోండి: పాట గరగరమన్న మరుక్షణం ధ్వని తగ్గించాలి. ఆ గరగర యాంప్లిఫైయరు పెట్టే మొర.

కూడిక, తీసివేత

ప్రతి స్పీకరుకూ ధన, రుణ మరలు రెండుంటాయి. రెండు స్పీకర్లకూ ఒకే తీరున తీగలు బిగించాలి. ఒకదానికి తలకిందులైతే ఏమవుతుంది? ఒక కోను ముందుకు పోయేటప్పుడు రెండోది వెనక్కు పోతుంది. ఉయ్యాలను ఒకరు తోస్తుంటే ఇంకొకరు పట్టి లాగినట్టు! ఒకటి నొక్కిన గాలిని రెండోది పలచన చేస్తుంది. బొంగు స్వరాలు చాలావరకు మాయమవుతాయి. గాయకుడి గొంతు మధ్యనుంచి రాకుండా ఎటూ కాని చోటునుంచి వచ్చినట్టుంటుంది. యంత్రానికి నష్టం లేదు గాని పాటకు నష్టం.

పాత స్పీకర్ల మీద ఎరుపు, నలుపు గుర్తులు వెలిసిపోయి ఉండవచ్చు. అందుకు ఒక చిన్న ప్రయోగం చేయండి. స్పీకరును దేనికీ కలపకుండా విడిగా పెట్టండి. 1.5 వోల్టుల టార్చి బ్యాటరీ ఒకటి తీసుకుని, దాని ధన ధ్రువాన్ని ఒక మరకూ రుణ ధ్రువాన్ని రెండో మరకూ ఒక్క క్షణం తాకించి తీసేయండి. "టప్" మని వూఫరు కదులుతుంది. బయటికి వచ్చిందా, బ్యాటరీ ధన ధ్రువం తాకినదే స్పీకరు ధన మర. లోపలికి పోయిందా, రెండోది ధన మర. రెండు స్పీకర్లకూ ఇలాగే చూసి గుర్తులు పెట్టుకోండి.

ఈ ప్రయోగానికి టార్చి బ్యాటరీ తప్ప మరేదీ వాడవద్దు. గోడలోని విద్యుత్తును స్పీకరు దరిదాపులకు కూడా రానీయకూడదు. రిసీవరు మూత ఎప్పుడూ తెరవకండి. ప్లగ్గు తీసేసిన తర్వాత కూడా దాని లోపలి కెపాసిటర్లలో ఆవేశం నిలిచి ఉండి ఘాతం కొట్టగలదు.

వయసు తెచ్చే జబ్బులు

కోనుకూ చట్రానికీ మధ్య మెత్తని అంచు ఒకటుంటుంది. 1970ల నుంచి చాలా వూఫర్లకు దీన్ని పాలీయూరిథేను ఫోముతో చేశారు. ఈ పదార్థపు పొడవాటి అణుగొలుసులు గాలిలోని తేమతో చర్య జరిపి మెల్లగా తెగిపోతాయి. జలవిశ్లేషణ అంటే ఇదే. వాడకుండా అటక మీద పెట్టినా ఈ చర్య ఆగదు. విశాఖపట్నం, మచిలీపట్నం వంటి సముద్రపుటొడ్డు ఊళ్ళ తేమగాలిలో మరింత త్వరగా జరుగుతుంది. వేలితో ముట్టుకుంటే అంచు పొడిపొడిగా రాలిపోతే స్పీకరు చచ్చిపోయిందనుకోవద్దు. కొత్త అంచు అతికించేవాళ్ళున్నారు. గుడ్డతోను, రబ్బరుతోను చేసిన అంచులు ఇంతకంటె ఎక్కువ కాలం నిలుస్తాయి.

రెండో పరీక్ష: నాలుగు వేళ్ళూ సమంగా ఆనించి వూఫరు కోనును మెల్లగా లోపలికి నొక్కి వదలండి. చప్పుడు లేకుండా కదలాలి. గీసుకున్న శబ్దం వస్తే తీగచుట్ట పక్కకు ఒరిగిందన్నమాట. బాగా మూసిన పెట్టె అయితే కోను గబుక్కున కాక, నింపాదిగా యథాస్థానానికి వస్తుంది. గబుక్కున వస్తే పెట్టెలో ఎక్కడో గాలి కారుతోందేమో చూడాలి.

మూడో జబ్బు పెట్టె లోపల ఉంటుంది. ఏ స్వరం వూఫరుకు పోవాలో, ఏది ట్వీటరుకు పోవాలో వేరుచేసే వలయాన్ని క్రాస్ ఓవరు అంటారు. అందులోని ఎలక్ట్రొలిటిక్ కెపాసిటర్లు ఏళ్ళ తరబడికి ఎండిపోతాయి. అప్పుడు తాళం చప్పుడు, గజ్జెల సవ్వడి మందగిస్తాయి. కెపాసిటర్లు మారిస్తే మళ్ళీ గలగల వస్తుంది. ఆ పని తెలిసిన మెకానిక్కు చేత చేయించండి.

హోం థియేటరులో వీటి చోటు ఎక్కడ?

5.1 పద్ధతిలో ముందు ఎడమ, మధ్య, కుడి, వెనక ఎడమ, కుడి అని 5 స్పీకర్లు. బొంగు స్వరాలకు ఒక సబ్ వూఫరు. దాన్ని .1 అని సూచిస్తారు. పాత జతకు సరైన చోటు ముందు ఎడమ, కుడి. సంగీతంలో ఎక్కువ భాగం అక్కడినుంచే వస్తుంది.

తీగలు కలిపాక రిసీవరుకు మూడు సంగతులు చెప్పాలి.

మొదటిది, స్పీకరు సైజు. "చిన్నది" అని చెబితే 80 హెర్ట్జ్‌ల వంటి ఒక హద్దుకు దిగువ స్వరాలు సబ్ వూఫరుకు పోతాయి. "పెద్దది" అంటే అన్నీ స్పీకరుకే పోతాయి. సబ్ వూఫరు లేకపోతే "పెద్దది" అనే చెప్పాలి. ఉంటే మాత్రం పెద్ద పెట్టెలకు కూడా హద్దు పెట్టడంలో లాభముంది. యాంప్లిఫైయరుకు బాగా బరువైన పని తప్పుతుంది.

రెండోది, దూరం. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. కనుక ఒక మీటరు తేడాకు సెకనులో సుమారు 340వ వంతు ఆలస్యం. దూరాలు కొలిచి చెబితే దగ్గరి స్పీకరుకు పోయే ధ్వనిని రిసీవరు ఆ మాత్రం ఆపి, అన్నీ ఒకేసారి మీ చెవికి చేరేటట్టు చేస్తుంది.

మూడోది, మధ్య స్పీకరు. సినిమా సంభాషణలు ఎక్కువగా దీనిలోంచే వస్తాయి. చిన్న మధ్య స్పీకరు గొంతు ఒక తీరు, పాత పెట్టెల గొంతు ఇంకో తీరు అయితే, తెరమీద మనిషి ఎడమనుంచి కుడికి నడుస్తూ మాట్లాడుతుంటే గొంతు మారిపోయినట్టుంటుంది. అలా అయితే "మధ్య స్పీకరు లేదు" అని రిసీవరుకు చెప్పి చూడండి. సంభాషణను అది రెండు పాత స్పీకర్లకూ సమంగా పంచుతుంది. సరిగ్గా మధ్యలో కూర్చుంటే మాట తెరలోంచే వచ్చినట్టుంటుంది. పక్కకు కూర్చున్నవాళ్ళకు మాత్రం దగ్గరి స్పీకరులోంచి వచ్చినట్టుంటుంది. ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేచోట మధ్య స్పీకరు ఉంచుకోవడమే మేలు.

జత కుదరని సందర్భాలు

అన్ని హోం థియేటర్లకూ ఈ జత కుదరదు. సౌండ్ బారులకు చాలావాటికి స్పీకరు తీగలు బిగించే మరలే ఉండవు. స్పీకర్లతో సహా ఒకే సెట్టుగా అమ్మే కొన్ని యంత్రాలు, తమ చిన్న స్పీకర్లకు తగినట్టుగా బొంగు స్వరాలను ముందే కోసేసి పంపుతాయి. వాటికి పెద్ద పెట్టెలను కలిపినా ఆకలిగొన్న వస్తాదుకు అటుకులు పెట్టినట్టే! అలాంటప్పుడు పాత స్పీకర్లకు విడిగా ఒక స్టీరియో యాంప్లిఫైయరు పెట్టుకుని పాటలు వినడం మంచిది. ఇంకొకటి: కొన్ని కొత్త యాంప్లిఫైయర్లలో రుణ మర కూడా భూమికి కలిసి ఉండదు. కాబట్టి ఎడమ, కుడి స్పీకర్ల రుణ తీగలను ఎప్పుడూ ఒకదానితో ఒకటి కలపకండి.

తీగలు బిగించేటప్పుడు రిసీవరు ఆపి, ప్లగ్గు తీసి ఉండాలి. ఒక తీగపోగు పక్క మరను తాకినా షార్టు అవుతుంది. మొదటిసారి ధ్వనిని పూర్తిగా తగ్గించి, తర్వాత కొద్దికొద్దిగా పెంచండి. అరగంట విన్నాక రిసీవరు పైభాగం ముట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఆపివేసి ఓముల లెక్క మళ్ళీ చూసుకోండి.

మీరే లెక్క కట్టండి

1. యాంప్లిఫైయరు 16 వోల్టులు ఇస్తున్నప్పుడు 16, 8, 4 ఓముల స్పీకర్లలో ఎన్నెన్ని వాట్లు ఖర్చవుతాయి?

2. ధ్వనివేగం సెకనుకు 340 మీటర్లయితే 40 హెర్ట్జ్ స్వరం తరంగదైర్ఘ్యం ఎంత? 10,000 హెర్ట్జ్ స్వరానిది ఎంత?

3. ఒక చదరపు మిల్లీమీటరు మందం గల రాగితీగ నిరోధం మీటరుకు సుమారు 0.017 ఓములు. స్పీకరు 5 మీటర్ల దూరంలో ఉంది. పోను, రాను తీగ నిరోధమెంత? తీగ మందం 0.2 చదరపు మిల్లీమీటర్లే అయితే ఎంత? 4 ఓముల స్పీకరుకు ఏది వాడతారు?

జవాబులు

1. 16, 32, 64 వాట్లు. ఓములు సగమైన ప్రతిసారీ వాట్లు రెట్టింపు.

2. 8.5 మీటర్లు, 3.4 సెంటీమీటర్లు. మొదటిది మామూలు గది కంటె పొడవు. బొంగు స్వరం ఏ దిక్కునుంచి వస్తోందో చెవి పోల్చుకోలేకపోవడానికి కారణం ఈ పొడవే. అందుకే సబ్ వూఫరును ఒక మూలన పెట్టినా చెల్లుతుంది.

3. మొత్తం తీగ 10 మీటర్లు. మొదటిదాని నిరోధం 0.17 ఓములు, రెండోదానిది 0.85 ఓములు. సన్నతీగ వాడితే స్పీకరులోని 4 ఓములకు తోడు అయిదోవంతు అడ్డు తీగలోనే చేరుతుంది. ఆ మేరకు శక్తి తీగను వేడిచేయడానికి పోతుంది. కాబట్టి లావుతీగే వాడాలి.